కల్పిత యంత్రమున సంతకపు కార్డు – పంచాయతీ సభ్యులకు పాఠము

గ్రామ పంచాయతీ ధనము గ్రామ ప్రజల ధనము. దానిని ఖర్చు చేయుటకు అధికారమిచ్చునది సంతకము. పూర్వము చెక్కుపై సిరాతో సంతకము చేసిననే ధనము చేతికి వచ్చెడిది. నేడు కేంద్ర ఆర్థిక సంఘపు నిధులనుండి చేయు చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ అను వ్యవస్థ ద్వారా జరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ప్రధానమంత్రి దీనిని ప్రారంభించిరి. ఇందు ఒకరు చెల్లింపు వోచరును తయారుచేసి సంతకము చేయుదురు. మరియొకరు దానిని పరిశీలించి ఆమోదపు సంతకము చేయుదురు. ఈ రెండు సంతకములును వ్రేలెడంత యు.ఎస్.బి. టోకెనుతో జరుగును. గ్రామములలో దీనినే డిజిటల్ కీ అనుచున్నారు.

ఈ టోకెనును నేరుగా కంప్యూటరులోనే గాక, కంప్యూటరు లోపల నడచు కల్పిత యంత్రములో, అనగా వర్చువల్ మెషీనులో, ఉపయోగించు పద్ధతి కూడ కలదు. ఇది ఆపరేటరు చూచుకొనవలసిన సంగతియే గాని తమది కాదని సభ్యులు తలపరాదు. సంతకము ఎవరి పేరున నున్నదో బాధ్యతయు వారిదే. కనుక ఈ పద్ధతి ఎట్లు పనిచేయునో, ఇందు మేలెంతయో, ప్రమాదమెక్కడనో తెలిసికొనుట అవసరము.

కార్డులో నేమున్నది?

స్మార్ట్ కార్డనగా చిన్న చిప్పు గల కార్డు. దానిని చదువు పరికరము కార్డు రీడరు. డిజిటల్ కీలో ఈ రెండును ఒకే తొడుగున ఇమిడియున్నవి. చిప్పులో ఒక రహస్యపు తాళపుచెవి వంటి సంఖ్య యుండును. ఆ సంఖ్య చిప్పునుండి ఎన్నడును బయటకు రాదు. కంప్యూటరు వోచరునుండి ఒక సంగ్రహ సంఖ్యను తీసి చిప్పునకు పంపును. చిప్పు లోపలనే లెక్క కట్టి, సంతకమును తిరిగి ఇచ్చును. వోచరులో ఒక్క అంకె మారినను ఆ సంతకము దానికి సరిపడదు. ఇట్టి సంతకమునకు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము గుర్తింపునిచ్చినది. ఆ చట్టము అదే సంవత్సరము అక్టోబరు 17వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఒక్క మాట మరువరాదు. కార్డునకు కన్నులు లేవు. ఎదుట కూర్చున్నది సర్పంచియో, ఇతరుడో అది ఎరుగదు. తనచేత సంతకము చేయించుచున్న పత్రము చెరువు మరమ్మతుదో, లేని పనిదో అది ఎరుగదు. దానికి తెలిసినది పిన్ అను రహస్య సంఖ్య ఒక్కటియే. పిన్ సరియైనచో ఎదుటికి వచ్చిన దానిపై సంతకము చేసి ఇచ్చును.

కల్పిత యంత్రమనగా నేమి?

ఒకే పొలమును గట్టు వేసి రెండు మడులుగా చేసి, ఒకదానిలో వరి, మరియొకదానిలో పసుపు వేయవచ్చును. నేల ఒకటియే, పంటలు వేరు. అటులనే ఒకే కంప్యూటరు శక్తిని పంచి, దానిలోపల మరియొక కంప్యూటరు ఉన్నట్లుగా ఒక ప్రోగ్రాము నడుపును. బయటి యంత్రము నిజమైనది, లోపలిది కల్పితము. ఈ ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ 1960లలోనే పెద్ద కంప్యూటర్లపై దీనిని సాధించి, 1972లో వి.ఎం./370 అను పేర ప్రకటించినది. నేడు వర్చువల్‌బాక్స్, వి.ఎం.వేర్ వంటి ప్రోగ్రాములతో సామాన్యమైన కంప్యూటరునందును ఇది సాధ్యము.

దీని అవసరము ముఖ్యముగా రెండు విధములు. కార్యాలయపు కంప్యూటరు లినక్సుతో నడచుచుండగా, సంతకము చేయు ప్రోగ్రాము విండోస్ కొరకే తయారైనదైనచో, లోపలి యంత్రమున విండోస్ నుంచి పని జరుపుకొనవచ్చును. రెండవది, ఉత్తరములు, వీడియోలు, ఎవరెవరో తెచ్చిన పెన్‌డ్రైవులు బయటి యంత్రమునకు విడిచి, సంతకపు పనికి మాత్రమే లోపలి యంత్రమును శుభ్రముగా నుంచుకొనవచ్చును.

కార్డు లోపలికి చేరు మార్గములు

మొదటి మార్గము టోకెనును పూర్తిగా లోపలి యంత్రమునకు అప్పగించుట. వర్చువల్‌బాక్స్‌లో పరికరముల పట్టికయందు యు.ఎస్.బి. భాగమున టోకెను పేరు కనిపించును, దానిని ఎంచవలెను. ఒకే తూము నీరు ఒక మడికి మళ్ళించినపుడు రెండవ మడి ఎండును గదా! అట్లే టోకెను లోపలికి పోగానే బయటి యంత్రమునకు అది కనిపింపదు. ఇది లోపము కాదు, పద్ధతియే అట్టిది. టోకెనుకు కావలసిన డ్రైవరును లోపలి యంత్రముననే ప్రతిష్ఠింపవలెను. బయట నున్నది లోపలికి అక్కరకు రాదు.

రెండవ మార్గము పంచుకొనుట. రీడరు బయటి యంత్రము వశముననే యుండును. లోపలి యంత్రము పంపు ప్రశ్నలను అది కార్డునకు అందించి, జవాబులను తిరిగి ఇచ్చును. వి.ఎం.వేర్‌లో ఈ వసతి కలదు.

మూడవ మార్గము దూరమునుండి. కల్పిత యంత్రము వేరొక పట్టణమున నుండగా, మనము గ్రామమున కూర్చుండి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా దానిని నడుపవచ్చును. అప్పుడు మన యెదుటి కంప్యూటరులో గ్రుచ్చిన కార్డే అచట పనికి వచ్చును. దూర యంత్రమునకు గ్రుచ్చిన కార్డు మనకు కనిపింపదు. కార్డు పాడైనదని కొందరు భ్రమపడుట ఇందువలననే. నిజమునకు ఇది మేలైన ఏర్పాటు. కార్డు మనిషి దగ్గరనే యుండవలెననుట దీని భావము.

ఎదురగు చిక్కులు

టోకెను పట్టికలో కనిపించుచున్నను లోపలికి పోనిచో, బయటి యంత్రమున ఏదో ప్రోగ్రాము దానిని పట్టుకొని యున్నదని గ్రహింపవలెను. లినక్సులో పి.సి.ఎస్.సి.డి. అను సేవ ఇట్లు పట్టుకొనును. దానిని ఆపి తిరిగి ప్రయత్నింపవలెను. వర్చువల్‌బాక్స్‌ను లినక్సుపై నడుపువారు తమ వాడుకరి పేరును వి-బాక్స్-యూజర్స్ అను గుంపులో చేర్చుకొననిచో యు.ఎస్.బి. పరికరములు కనిపింపవు.

నిద్రబుచ్చిన కల్పిత యంత్రమును లేపినపుడు దాని గడియారము వెనుకబడి యుండవచ్చును. తేదీ తప్పినచో సర్టిఫికేటు చెల్లదని వ్యవస్థ త్రోసివేయును. కనుక ముందుగా గడియారము చూడవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది పిన్. కల్పిత యంత్రమును నిన్నటి స్థితికి మరలించుట సులభము. దానికి స్నాప్‌షాటు అను వసతి గలదు. కాని తప్పు పిన్ ఎన్నిసార్లు కొట్టితిమో ఆ లెక్క చిప్పులో నుండును. యంత్రము వెనుకకు పోవును గాని కార్డు పోదు. నిర్ణీత సంఖ్యకు మించి తప్పు కొట్టినచో కార్డు బిగిసిపోవును. కొన్ని టోకెనులను తుడిచి, క్రొత్త సర్టిఫికేటు తీసికొనవలసి వచ్చును. అంతవరకు చెల్లింపులు నిలిచిపోవును; కూలివాని డబ్బు, పైపుల బిల్లు ఆగిపోవును.

మేలు ఎంత? ప్రమాదమెక్కడ?

కల్పిత యంత్రమును నకలు తీయుట ఫైలును నకలు తీసినంత తేలిక. ఎవరైన దానిని పెన్‌డ్రైవులో పట్టుకొని పోవచ్చును. కాని రహస్య సంఖ్య చిప్పులో నున్నంతవరకు యంత్రము మాత్రమే పోవును, సంతకము పోదు. చిప్పునకు గల విలువ ఇదియే. అట్లుగాక సంతకపు సంఖ్యను ఫైలుగా చేసి యంత్రములో దాచినచో, యంత్రపు నకలుతో పాటు సంతకమును పోవును. అట్టి ఏర్పాటునకు సభ్యులు ఎన్నడును అంగీకరింపరాదు.

అయినను చిప్పు ఒక్కటియే రక్ష కాదు. లోపలి యంత్రమున జరుగునదంతయు బయటి యంత్రమును ఏలువాడు చూడగలడు. అచట కొట్టిన పిన్‌ను పట్టగల దొంగ ప్రోగ్రాములు కలవు. ఒకసారి పిన్ ఇచ్చి కార్డును అట్లే విడిచిపోయినచో, మరల అడుగకయే మరికొన్ని సంతకములు జరుగుటకు అవకాశము కలదు. తయారుచేయు వారి కార్డు, ఆమోదించు వారి కార్డు, రెంటి పిన్నులు ఒకే ఆపరేటరు సొరుగున నున్నచో, ఇద్దరి సంతకమను నియమము పేరునకే మిగులును. పంచాయతీ ఎన్నుకొన్నవారి చేతి అధికారము సొరుగు తాళము గలవాని చేతికి పోయినట్లగును.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. రహస్య సంఖ్య తన అదుపులో నుండునట్లు తగిన శ్రద్ధ వహించుట సర్టిఫికేటు గలవాని విధియని 42వ సెక్షను చెప్పుచున్నది. అది పరహస్తగతమైనచో వెంటనే సర్టిఫికేటు ఇచ్చిన సంస్థకు తెలుపవలెను. తెలుపువరకు బాధ్యత అతనిదే. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకమును మోసముతో వాడినవానికి 66-సి సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

పాటింపవలసినవి

1. కార్డు ఎవరిదో వారియొద్దనే యుండవలెను. పిన్‌ను కార్డుపై గాని గోడపై గాని వ్రాయరాదు.

2. సంతకమునకు ముందు వోచరులోని పేరు, పని, మొత్తము తెరపై చదువవలెను. చదువుట కష్టమైనచో నమ్మకమైన వారిచేత గట్టిగా చదివించుకొనవలెను.

3. పని ముగియగనే కార్డును తీయవలెను; లోపలి యంత్రమును ఆపివేయవలెను.

4. సంతకపు యంత్రమున ఇతర పనులు చేయరాదు. బయటి యంత్రమును సరికొత్త రక్షణ సవరణలతో నుంచవలెను.

5. ఆమోదించిన చెల్లింపులను పంచాయతీ సమావేశమున చదివి, తీర్మానములతో సరిపోల్చవలెను.

6. పదవీకాలము ముగిసినపుడు కార్డును తరువాతివారికి అప్పగింపరాదు. అది పదవికి గాక వ్యక్తికి చెందినది. వ్యవస్థలో దాని నమోదును తొలగింపజేయవలెను.

చర్చకు ప్రశ్నలు

మన పంచాయతీ కార్డులు ఈ రాత్రి ఎవరియొద్ద నున్నవి? సంతకము జరుగు కంప్యూటరు నిజమైనదా, కల్పితమా? దానిని ఏలువారెవరు? గత నెలలో మన పేర జరిగిన సంతకములెన్నియో సభ్యులకు తెలియునా?

వచ్చు సమావేశమున ఈ ప్రశ్నలను చదివి, జవాబులను మినిట్స్ పుస్తకమున వ్రాయింపుడు. యంత్రము కల్పితము కావచ్చును గాని, దానిలో చేసిన సంతకము నిజము. దానితో కదలు ధనము గ్రామస్థులది.