కొత్త రాష్ట్రంలో కాపురం

ఉద్దేశం: ఉద్యోగార్థం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తరలివెళ్లే కుటుంబాలు ముందుగా తెలుసుకోదగిన విషయాలను విద్యార్థులకు పరిచయం చేయడం, స్థానికత అనే భావనను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలకు చేరువలో కొత్తగూడ ఉంది. ఒకప్పుడిది శేరిలింగంపల్లి మండలంలోని చిన్న పల్లె. 1998లో సమీపాన సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి దీని రూపురేఖలు మారసాగాయి. 2023 జనవరి 1న ఇక్కడి కూడలి మీద పైవంతెన ప్రారంభమైంది. నేడు ఆ కూడలిలో కొంతసేపు నిలిచినవారికి తెలుగుతోపాటు హిందీ, ఒడియా, బెంగాలీ, తమిళ భాషలు చెవిన పడతాయి. పేరులోనే 'కొత్త'ను నిలుపుకొన్న ఈ ఊరు కొత్తవారికి నెలవైంది.

స్వదేశాన్ని విడిచి అన్యదేశానికి వెళ్లడం తెలుగువారికి నేటి విషయం కాదు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథ మహాకవి విజయనగరానికి వెళ్లి ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం పొందాడు. అక్కడి వేషభోజనాలు తనకు సరిపడలేదని ఆయన చాటువుల్లో వాపోయాడని ప్రతీతి. అంతటి కవికే తప్పని ఇబ్బంది సామాన్యులకు తప్పుతుందా? అయితే ఆనాటి బాటసారి భాషకూ భోజనానికీ అలవాటుపడితే చాలు. ఈనాటి గృహస్థు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి.

భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు దేశమంతటా సంచరించే స్వేచ్ఛను, ఏ ప్రాంతంలోనైనా నివసించే స్వేచ్ఛను ప్రసాదించింది. కనుక రాష్ట్రం మారడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. కానీ ఒక రాష్ట్రంలో మనకున్న హక్కులన్నీ మన సామానుతోపాటు మరొక రాష్ట్రానికి రావు. మన వెంట వచ్చేవేవో, రానివేవో ముందుగా గ్రహించడమే వివేకం.

మొదట వెంట వచ్చేవాటిని చూద్దాం. ఓటు హక్కు వస్తుంది. అయితే ఒక వ్యక్తి పేరు రెండు నియోజకవర్గాలలో ఉండరాదు కాబట్టి, నివాసం మారినవారు ఫారం 8 ద్వారా దరఖాస్తు చేసి పేరును కొత్త చోటికి మార్చుకోవాలి. ఆహార భద్రతా చట్టం కింద లభించే బియ్యాన్ని ఏ రాష్ట్రంలోనైనా తీసుకొనే వీలు 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' పథకం వల్ల కలిగింది. 2019లో ఈ విధానాన్ని మొదట ప్రయోగించి చూసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఉన్నాయి. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. వాహనం సంగతి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచిన వాహనానికి అక్కడి రిజిస్ట్రేషన్ సంఖ్య పొందాలి. అందుకు పాత రాష్ట్రం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. 2021లో ప్రవేశపెట్టిన బీహెచ్ వరుస సంఖ్య గల వాహనాలకు ఈ శ్రమ లేదు.

ఇక వెంట రానివాటిలో ముఖ్యమైనది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దానిని అనుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానిక అభ్యర్థులకు ప్రాధాన్యం కల్పించాయి. స్థానికతను నిర్ణయించడానికి అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్ల చదువు ఎక్కడ సాగిందన్నది ప్రధానమైన కొలత. తెలంగాణలో వైద్యవిద్యా ప్రవేశాలకు తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను, కొన్ని మినహాయింపులతో, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది.

దీని పర్యవసానాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు కుటుంబం ఉన్నదనుకుందాం. కుమార్తె అక్కడ పదవ తరగతి ముగించింది. తండ్రికి ఉద్యోగం దొరకగా కుటుంబం కొత్తగూడకు తరలివచ్చింది. అమ్మాయి ఇక్కడ రెండేళ్లు ఇంటర్మీడియట్ చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా ఆ నాలుగేళ్ల లెక్కలో ఆమె స్థానికురాలు కాదు. స్థానికతకు మాతృభాష కొలత కాదు, చదివిన చోటు కొలత. ఈ సంగతి ప్రవేశాల నాడు తెలిస్తే మిగిలేది కన్నీరు. రెండేళ్ల ముందే తెలిస్తే ఆలోచనకు వ్యవధి ఉంటుంది.

రిజర్వేషన్ల విషయమూ ఇటువంటిదే. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ నుండి మహారాష్ట్రకు వెళ్లిన కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి వ్యాజ్యంలో 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, సొంత రాష్ట్రంలో పొందిన గుర్తింపు వలస వెళ్లిన రాష్ట్రంలో తనంత తానుగా వర్తించదని స్పష్టం చేసింది.

ఈ చిక్కులు ప్రభుత్వోద్యోగుల విషయంలోనూ అనుభవానికి వచ్చాయి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుండి వెలగపూడికి తరలవలసి వచ్చింది. పిల్లల చదువులు, జీవిత భాగస్వాముల ఉద్యోగాలు అడ్డురాగా పలువురు కుటుంబాలను హైదరాబాదులోనే ఉంచి తాము మాత్రమే వెళ్లారు. ప్రభుత్వం వారికి వారానికి ఐదు రోజుల పనిదినాలను అనుమతించింది. తెలంగాణ నుండి నిర్ణీత గడువులోగా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన వారిని అక్కడ స్థానికులుగా పరిగణించేందుకు అదే సంవత్సరం రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు. ప్రభుత్వమే తరలించిన వారికి సైతం స్థానికత కోసం రాష్ట్రపతి ఉత్తర్వును సవరించవలసి వచ్చిందంటే, స్వయంగా తరలివచ్చేవారు ఎంత ముందుచూపుతో మెలగాలో ఊహించవచ్చు.

తరువాతిది ఇల్లు. అద్దె ఒప్పందాలు సాధారణంగా పదకొండు నెలలకే రాసుకొంటారు. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడమే ఇందుకు కారణం. అడ్వాన్సు ఎంత, ఇల్లు ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, వేసవిలో నీటి వసతి ఏమిటి అనే మూడు ప్రశ్నలు సంతకానికి ముందే వేయాలి. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇళ్లకూ వర్తిస్తుంది. చూడని ఇంటికి డబ్బు పంపరాదు.

చివరిది భాష. 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అందువల్ల అన్యభాషల పిల్లలకు తెలుగుతో పరిచయం అనివార్యం. తెలుగువారికి కూడా నేర్చుకోవలసింది ఉంటుంది. కోస్తావారి ఉల్లిపాయ ఇక్కడ ఉల్లిగడ్డ, బంగాళాదుంప ఆలుగడ్డ, మొక్కజొన్న మక్కజొన్న. ఒకరి మాటను మరొకరు ఎగతాళి చేయక, రెండు మాటలూ తెలుగే అని గ్రహించినవారికి ఇరుగుపొరుగు త్వరగా దగ్గరవుతుంది.

కాగితాలు సిద్ధం చేసుకోవడం ముందుచూపు. కొత్త ఊరి మాటను, మర్యాదను గౌరవించడం సంస్కారం. ఈ రెండూ ఉన్నవారికి కొత్త రాష్ట్రం కొంతకాలానికి సొంత రాష్ట్రమవుతుంది.

పదవిజ్ఞానం

నెలవు = నివాస స్థానం
ప్రతీతి = ప్రసిద్ధి, వాడుకలో ఉన్న మాట
పర్యవసానం = ఫలితం
వ్యాజ్యం = న్యాయస్థానంలోని దావా
వ్యవధి = గడువు, సమయం

అభ్యాసం

1. రాష్ట్రం మారినప్పుడు మన వెంట వచ్చే హక్కులను, రాని హక్కులను వేరుచేసి వివరించండి.
2. 2016 నాటి సచివాలయ తరలింపు నుండి మనం గ్రహించదగినదేమి?
3. 'స్థానికతకు మాతృభాష కొలత కాదు' అనే వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ తరగతిలో ఇతర ప్రాంతం నుండి వచ్చిన మిత్రుని అడిగి, అతని ఇంట వాడే పది మాటలకు మీ ప్రాంతపు మాటలు రాయండి.