సెలవుల్లో కోర్టుకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు రెండో ఏడాదిలో ఉంది. సెలవుల్లో లాయరు దగ్గరికి పంపితే చదువు దెబ్బతింటుందా?

జవాబు: దెబ్బతినదు, పదునెక్కుతుంది. తప్పకుండా పంపండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సువారు కనీసం 20 వారాలు, మూడేళ్లవారు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఒక ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. ముందుగా ట్రయల్ కోర్టులో సివిల్ కేసులు చూసే సీనియర్ దగ్గర చేర్పించండి. కేసు కట్ట మొత్తం చదివి, తేదీలవారీగా సంఘటనలు రాసుకోమనండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి తడబడినప్పుడు లాయరు ఏ కాగితం చూపించి అడుగుతున్నారో గమనించాలి. సాక్ష్య చట్టం అక్కడే ఒంటబడుతుంది. క్లయింటు చెప్పిన మాట మాత్రం గడప దాటకూడదు. సర్టిఫికెట్ కోసమే వెళితే కాలం వృథా.