నల్లని ఇసుకలో ఉంగరం

అరకులోయకు పోయే దారిలోని అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా సాగి, భీమునిపట్నం వద్ద సముద్రాన్ని చేరుతుంది. తూర్పు కనుమల శిలలు అరిగి, ఏరుల వెంట తరలివచ్చిన ఇల్మనైటు, మాగ్నటైటు, గార్నెటు రేణువులు ఆ తీరాన నల్లని, ఎర్రని చారలుగా పేరుకొన్నాయి. గార్నెటుకు నెలవైన శిల ఖోండలైటు. కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు.

ఈ ఇసుకలో జారిన ఉంగరాన్ని వెదకడానికి ఎటువంటి మెటల్ డిటెక్టరు తగును? వెలను చూసి ఎన్నుకొంటే చిక్కు తీరదు. ఒకే పౌనఃపున్యంతో పనిచేసే యంత్రాన్ని మాగ్నటైటు తన అయస్కాంత గుణంతోను, ఉప్పునీరు తన విద్యుద్వాహకతతోను ఏమారుస్తాయి. ఒకదానికి సరిచేస్తే రెండవది అల్లరి చేస్తుంది. అనేక పౌనఃపున్యాలను పోల్చి చూసే యంత్రం ఈ రెండింటి ప్రభావాన్నీ చాలావరకు తొలగించగలదు.

పల్స్ ఇండక్షన్ యంత్రం తీరు వేరు. అది విద్యుత్ స్పందనను పంపి, సెకనులో సుమారు లక్షవ వంతు ఆగి, తరువాత వింటుంది. ఆలోగా ఉప్పునీటి ప్రతిస్పందన చాలావరకు అణగిపోతుంది. లోతున ఉన్న ఉంగరాన్ని అది పట్టగలదు; కాని ఇనుప మేకుకూ అట్లే మోగుతుంది. కొనబోయే ముందు పోయినదేమిటో అడగాలి. సన్నని బంగారు గొలుసైతే, దాని ప్రతిస్పందన కూడా ఉప్పునీటితో పాటే అణగిపోయి, యంత్రం పలకకపోవచ్చు.