కారు హీటర్ నల్లా మార్చడం

సంక్రాంతి సెలవుల్లో మీరందరూ ఊళ్లకు పోయి పతంగులు ఎగరేసి వచ్చారు. నేను ఆర్మూర్‌లో మా మామ దగ్గర ఉండి, చేతులు నల్లగా చేసుకొని వచ్చాను. అక్కడ నేర్చుకున్న ఒక పనిని ఈ గోడపత్రికలో పాఠంలాగా రాస్తున్నాను. ఉష్ణం పాఠం బాగా చదివినవారికి ఇది తేలిక. ఆ పాఠం తలకెక్కనివారు (నేను కూడా వారిలో ఒకణ్ణి) ఇది చదివి మళ్లీ పుస్తకం తెరిస్తే కొంత తెలుస్తుంది.

మామది పాత కారు. తండా నుండి ఆర్మూర్‌కు మనుషులను తీసుకొనిపోతాడు. ఆస్పత్రికి పోయేవారు, బ్యాంకుకు పోయేవారు, పసుపు అమ్మి పైసలు తెచ్చుకునేవారు అందరూ అందులోనే. ఆ కారు నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నెల రోజులుగా పొద్దున చూస్తే రేడియేటర్‌లో చెంబెడు నీళ్లు తక్కువ ఉంటున్నాయి. కింద నేల మీద చుక్క తడి లేదు. మామ రోజూ నీళ్లు పోసి నడుపుతున్నాడు. ఒకనాడు పెర్కిట్ దగ్గరికి రాగానే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. కారులో కడుపుతో ఉన్న ఒక అక్క ఉంది. ఆమెను ఆటో ఎక్కించి పంపినాము.

మామ బానెట్ ఎత్తిండు. నేను సాయం చేద్దామని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాను. మామ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఏయ్ అల్లుడా, ఆగు! ముందు నా చెయ్యి జూడు" అని అంగీ పైకి మడిచిండు. మోచేతి నుండి మణికట్టు దాకా తోలు ముడతలు పడి ఉంది. లారీ మీద క్లీనర్‌గా ఉన్నప్పుడు వేడి మీద మూత తిప్పిండట. ఇన్నేళ్లు నేను అది పుట్టుమచ్చ అనుకున్నాను.

ఎందుకు అట్ల కాలుతుంది? నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చదివాము. అది మూత లేని గిన్నె సంగతి. రేడియేటర్ మూతలో స్ప్రింగు ఉంటుంది, అది లోపల ఒత్తిడిని ఆపుతుంది. ఒత్తిడి పెరిగితే మరిగే వేడి కూడా పెరుగుతుంది. కాబట్టి లోపలి నీళ్లు 110 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలవు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, కొన్ని నీళ్లు ఒక్కసారిగా ఆవిరి అవుతాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1600 రెట్లు చోటు కావాలి. ఆ ఆవిరి మిగిలిన నీళ్లను కూడా ఎగదన్నుకొని మనిషి మీదికి వస్తుంది. ప్రెషర్ కుక్కర్ మూతను ఆవిరి పోకముందే తీయకూడదని చెప్పేది కూడా ఇందుకే.

గంటన్నర ఆగినాము. చల్లారిన తర్వాత మామ టార్చి వేసి వెతికితే దొంగ దొరికింది. అదే హీటర్ నల్లా.

ఇంజన్‌లో పెట్రోలు మండితే పుట్టే వేడిలో దాదాపు మూడో వంతు నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు రేడియేటర్‌కు పోయి చల్లారి మళ్లీ వస్తాయి. ఇది పెద్ద దారి. చిన్న దారి ఇంకొకటి గలదు. రెండు సన్నటి రబ్బరు పైపులు ఇంజన్ నుండి డ్యాష్‌బోర్డు వెనకకు పోతాయి. అక్కడ అరచేతులు రెండు కలిపినంత చిన్న రేడియేటర్ ఉంటుంది. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే కారు లోపల వెచ్చగా అవుతుంది. వేడినీళ్లు అటు పోవాలా వద్దా అని చెప్పేదే మధ్యలో ఉన్న నల్లా. డ్రైవరు ముందున్న మీట జరిపితే ఒక తీగ ఆ నల్లాను తిప్పుతుంది. మన దిక్కు పసుపు ఉడకబెట్టే ఆవిరి బాయిలర్ చూసినవారికి ఇది కొత్త కాదు. ఒకే బాయిలర్, పక్కన డ్రమ్ములు, ఏ డ్రమ్ముకు ఆవిరి కావాలంటే దాని నల్లా తిప్పుతారు.

ఎండకాలంలో రోడ్డు మీద తారు కరిగే మన ఊళ్లలో హీటర్ ఎందుకని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మామ నవ్విండు. "డిసెంబర్ల తెల్లారుగట్ల సోన్ బ్రిడ్జి మీద గోదావరి పొగమంచుల ఒకసారి నడుపు, తెలుస్తది" అన్నాడు. మనం వదిలే ఊపిరిలోని తేమ చల్లటి అద్దం మీద పేరుకొని ముందు ఏమీ కనబడదు. వేడిగాలి తగిలితే అద్దం తేటపడుతుంది. కాని ఏడాదిలో ఆ అవసరం వచ్చేది కొన్ని రోజులే. మిగతా కాలమంతా నల్లా తిరగదు. బోరు నీళ్లు పోస్తే మన నీళ్లు కాగబెట్టే గంజులో తెల్లగా పొర కట్టినట్లే దానిలోనూ కడుతుంది. లోపల తుప్పు పట్టి, ఇరుసు దగ్గరి రబ్బరు పాడై, నీళ్లు కారుతాయి. కారిన నీళ్లు వేడి ఇంజన్ మీద పడి అక్కడే ఆవిరవుతాయి. అందుకే నేల మీద తడి కనబడలేదు. ఇంజన్ మీద మిగిలిన తెల్లటి చారలే దాన్ని పట్టిచ్చినవి.

షెడ్డులో ఒకాయన "రెండు పైపులు కలిపి కట్టెయ్, పది నిమిషాల పని" అన్నాడు. అట్ల కలిపితే కారు నడుస్తుంది. ఇల్లు చేరడానికి అది మంచి ఉపాయమే. అట్లనే వదిలేస్తే చలికాలం అద్దం సంగతి ఏమిటి? మామ కొత్త నల్లా కొని, మరునాడు ఇంటి ముందే పని పెట్టుకున్నాడు.

కావలసినవి: పేచ్‌కస్, పకడ్, పాత గుడ్డలు, ఒక తట్ట, కూలెంట్, కొత్త క్లిప్పులు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండవలెను. తాళంచెవి తీసి జేబులో పెట్టుకోవలెను, ఎందుకనగా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. తర్వాత మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న బిరడా వదులు చేసి, పైపుల మట్టం కన్నా తగ్గేదాకా నీళ్లు తట్టలోకి దించాము. ఇక్కడ ఒక హెచ్చరిక. కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం ఉంటుంది. రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషం. కుక్కలు, మేకలు నాకితే చస్తాయి. మామ తట్ట మీద రేకు కప్పి బండ పెట్టిండు, నన్ను కాపలా కూర్చోబెట్టిండు.

తీసేముందు ఏ పైపు ఎటు ఉందో సుద్దతో గుర్తు పెట్టాము. తీగ విడదీసి, క్లిప్పులు వెనకకు జరిపాము. పైపు ఊడలేదు. నేను బలంగా గుంజబోతే మామ అరిచిండు. ఆ పైపు లోపలి చిన్న రేడియేటర్ గొట్టానికి తొడిగి ఉంటుంది. ఆ గొట్టం పలచన. అది విరిగితే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, రెండు గంటల పని రెండు రోజులవుతుంది. పైపును గుంజకుండా అటూ ఇటూ మెలి తిప్పాలి. అప్పటికీ రాకపోతే రబ్బరును నిలువుగా కోసి తీసి, కొత్త పైపు వేసుకోవాలి. పైపుకు పోయేది కొంచెమే. మేము ఒకటి కోసినాము.

కొత్త నల్లాను పాతదాని పక్కన పెట్టి చూడవలెను. కొన్నింటి మీద నీళ్లు పోయే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. గొట్టాల మూతులు గుడ్డతో తుడిచి, పైపులు తొడిగి, క్లిప్పులు బిగించాము. తీగ కట్టేటప్పుడు మీట చల్లటి వైపు, నల్లా మూసి ఉండాలి. కట్టిన తర్వాత మీటను రెండు చివర్లకు జరిపి నల్లా పూర్తిగా తెరుచుకొని, పూర్తిగా మూసుకుంటుందో లేదో చూశాము. మొదట పూర్తిగా తెరుచుకోలేదు, తీగ మళ్లీ సరిచేశాము.

ఇక నీళ్లు నింపడం. ఇది చిన్న పని అనుకుంటారు గాని ఇక్కడే చాలామంది తప్పు చేస్తారట. పైపుల్లో గాలి ఇరుక్కుంటే నీళ్లు తిరగవు, ఇంజన్ మళ్లీ కాగుతుంది. కాబట్టి హీటర్ మీటను పూర్తి వేడి వైపు పెట్టి, కూలెంట్ నెమ్మదిగా పోసి, మూత తీసి ఉంచే చల్లని ఇంజన్‌ను నడిపించాము. బుడగలు వచ్చినకొద్దీ మట్టం దిగింది, పోస్తూ పోయాము. 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ అనే లోపలి తలుపు తెరుచుకొని రేడియేటర్ పై పైపు వేడెక్కింది. బుడగలు ఆగాయి. అప్పుడు మూత బిగించాము. ఫ్యాను వేస్తే కారులో వేడిగాలి వచ్చింది. మీట ఇటు జరిపితే చల్లబడింది.

అన్ని కార్లూ ఒక తీరుగా ఉండవు. కొత్త కార్లలో చాలావాటికి ఈ నల్లా ఉండదు, లోపల గాలిని మళ్లించే రేకు తలుపు ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకం చూడకుండా చెయ్యి పెట్టరాదు.

ఆ రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచినాము. తెల్లారి చూస్తే పొడిగా ఉన్నాయి. రేడియేటర్‌లో అర గ్లాసు తగ్గింది, మిగిలిన గాలి పోయి ఉంటుందని మామ పోసిండు. మూడో రోజు తగ్గలేదు. పెర్కిట్ దగ్గర దింపిన అక్కకు ఆర్మూర్‌లోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను మామ కారులోనే తండాకు తెచ్చినాము.

పాత నల్లాను అడిగి తెచ్చుకున్నాను. మా తరగతి గది కిటికీలో ఉంది. లోపల తుప్పు ఎంత మందాన ఉందో చూడవచ్చు. కూలెంట్ అంటి ఉంటుంది, ముట్టినవారు అన్నానికి పోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.