గుడ్డు బలంతో పొంగే కేకు

ఫ్రెంచి బేకరీల్లో 'జెన్వాజ్' అనే స్పాంజి కేకు ఒకటుంది. సంప్రదాయ పద్ధతిలో అందులో బేకింగ్ పౌడర్ వేయరు, సోడా వేయరు. పొంగాలన్నా, పొంగింది నిలవాలన్నా గుడ్డే దిక్కు. గుడ్డు పనితనం చూడాలంటే ఇంతకు మించిన కేకు లేదని నా నమ్మకం.

నాలుగు గుడ్లు, పంచదార, మైదా 120 గ్రాముల చొప్పున, కరిగించిన వెన్న 30 గ్రాములు చాలు. మన దుకాణాల్లో ఒక్కోసారి మరీ చిన్న గుడ్లు వస్తాయి. పెంకు తీశాక 200 గ్రాములు తూగకపోతే ఐదోది కొట్టండి. ఓవెన్‌ను ముందే 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, టిన్నులో బటర్ పేపర్ పరిచి ఉంచండి. నురగ వచ్చాక ఆలస్యానికి తావుండదు.

గుడ్లు, పంచదార ఒక గిన్నెలో వేసి, పొగలు కక్కే నీళ్ల గిన్నె మీద ఉంచండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. ఆపకుండా కలుపుతూ 43 డిగ్రీల దగ్గర, అంటే వేలికి గోరువెచ్చ కంటే కాస్త ఎక్కువగా తగిలినప్పుడు దించేయాలి. పచ్చసొనలో దాదాపు మూడో వంతు కొవ్వు. నురగకు కొవ్వు పడదు. వెచ్చబడితే సొన పలచబడి, పంచదార కరిగి, గాలి సులువుగా చేరుతుంది. 60 డిగ్రీలు దాటిందా, తెల్లసొనలోని ప్రోటీన్లు గడ్డకట్టడం మొదలై గిన్నె అంచున పలుకులు కడతాయి.

ఇక బీటర్ పని. ఎనిమిది, పది నిమిషాలు గట్టిగా గిలక్కొట్టండి. చుట్టలు చుట్టుకుని ఉన్న ప్రోటీన్లు ఆ దెబ్బలకు విచ్చుకుంటాయి. వాటిలో నీటిని ఇష్టపడని భాగాలు గాలివైపు, ఇష్టపడేవి నీటివైపు తిరుగుతాయి. అలా ప్రతి బుడగ చుట్టూ చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని పలచని పొర కడతాయి. పంచదార ఆ పొరలోని నీటిని చిక్కబరిచి, జారిపోకుండా ఆపుతుంది. మిశ్రమం మూడింతలై, లేత పసుపుకు తిరిగి, బీటర్ పైకెత్తితే పట్టీలా జారి కొన్ని క్షణాలు పైనే నిలవాలి. అంతవరకూ ఆపొద్దు. చివరి నిమిషం వేగం తగ్గిస్తే పెద్ద బుడగలు పగిలి, చిన్నవే మిగులుతాయి. గుల్ల సన్నగా రావడానికి ఈ ఒక్క నిమిషమే ఆధారం, తొందరపడి వదిలేయకండి.

మైదాను మూడు విడతలుగా పైన జల్లించి, వెడల్పాటి గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. గుండ్రంగా తిప్పితే బుడగలు చితుకుతాయి, మైదాలో జిగురూ పెరుగుతుంది. వెన్నను నేరుగా పోయకండి. బరువుకు అడుగుకు దిగి, దారిలో నురగను కూల్చేస్తుంది. నాలుగు చెంచాల పిండిని వెన్నలో కలుపుకుంటే, పచ్చసొనలోని లెసిథిన్ కొవ్వును చిన్న చుక్కలుగా విడదీసి పట్టుకుంటుంది. అప్పుడు మిగతా పిండిలో కలపండి.

ఓవెన్‌లో గాలి వ్యాకోచిస్తుంది, నీరు ఆవిరై బుడగల్లో చేరుతుంది, కేకు లేస్తుంది. ఆ వెనకే గుడ్డు ప్రోటీన్లు గట్టిపడి, పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బి, గోడలు నిలబడతాయి. పంచదార వల్ల గుడ్డు గట్టిపడడానికి ఎక్కువ వేడి కావాలి. కేకు పొంగేందుకు దొరికే వ్యవధి అదే. మొదటి 20 నిమిషాలు తలుపు తీస్తే, గోడలు కట్టకముందే బుడగలు చల్లబడి నడుమ కుంగుతుంది.

25 నిమిషాలకు వేలితో నొక్కి చూడండి. తిరిగి పైకొచ్చి, అంచులు టిన్నును వదిలితే అయినట్టే. వెంటనే జాలీ మీద బోర్లించండి, లేకపోతే ఆవిరి అడుగున చేరి తడిసిపోతుంది. కొవ్వు తక్కువ కనుక ఈ కేకు పొడిగా ఉంటుంది. చల్లారాక పంచదార పాకం బ్రష్‌తో పట్టించండి. గుడ్డు కట్టిన గోడలు గట్టివి, పాకం పీల్చినా విరగవు.