కూరలు ఉడికిన నీరు పారబోయకుడు

కూరలు ఉడికించి వార్చిన నీటితో సి, బి విటమినులు, లవణములు కొంత పోవును. ఆ నీటినే చారుగా త్రాగుడు.

ఒక ములక్కాడ, క్యారెట్టు, ఉల్లిపాయ, టమాటా ముందు కడిగి, పిదప తరుగవలెను. మరుగుచున్న లీటరు నీటిలో వేసి, మూతపెట్టి 15 నిమిషములు ఉడికించవలెను. గుప్పెడు మునగాకు వేసి మరి 5 నిమిషములు ఉంచి, ఉప్పు, మిరియాలపొడి చేర్చవలెను.

వడకట్టరాదు. ఎ విటమినునిచ్చు కెరోటిన్, పీచు ముక్కలలోనే నిలుచును. చెంచాడు నూనెతో తాలింపు పెట్టినచో కెరోటిన్ బాగుగా వంటబట్టును.

చారు పప్పన్నమునకు బదులు కాదు. జ్వరము తగ్గి కోలుకొనువారికి, పిల్లలకు రెండును ఇవ్వవలెను.

పురుగుమందు చల్లిన మడిలో, డబ్బాపై చెప్పిన గడువు తీరనిదే ఇంటికైనను, అంగడికైనను కూర కోయకుడు.