ముందు మీ అమ్మకు, ఆ తర్వాతే నీకు

కొత్తగూడ,
మహబూబాబాద్ జిల్లా.

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కనే మీ అమ్మ ఉంది. ఆమె వింటుండగా అంత పెద్ద సంగతి రెండు ముక్కల్లో తేల్చడం నాకు ఇష్టం లేకపోయింది. రాసి పంపితే నువ్వు నిదానంగా చదువుకోవచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట పెట్టుకోవచ్చు.

"అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది కదా, నాకూ వస్తదా? జీన్ టెస్ట్ చేయించుకోనా?" అన్నావు. చేయించాల్సిందే బిడ్డా. అయితే ముందు నీకు కాదు, మీ అమ్మకు.

ఎందుకో చెబుతాను. నువ్వొక్కదానివే రక్తం ఇచ్చావు, రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది అనుకో. మీ అమ్మలో ఉన్న లోపం నీకు రాలేదని సంతోషపడాలా? లేక మన ఇంట్లో ఉన్న లోపం ఆ పరీక్షకు దొరకని రకమా? నీ రక్తం ఒక్కటే చూసి ఈ రెండింట్లో ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. అందుకే జబ్బు వచ్చిన మనిషిని ముందు పరీక్షిస్తారు. ఆమెలో లోపం ఫలానా జన్యువులో ఫలానా చోట ఉందని తేలితే, ఆ తర్వాత నీలో, నాలో, మీ మామయ్య పిల్లల్లో ఆ ఒక్క చోటే చూస్తే సరిపోతుంది. ఖర్చు బాగా తగ్గుతుంది, జవాబు స్పష్టంగా వస్తుంది. మీ అమ్మలో దొరికింది నీలో లేకపోతే, నీ ముప్పు ఇంచుమించు అందరు ఆడవాళ్లకు ఉన్నంతే. చాలా ఇళ్లలో ఈ ఆలోచన తట్టేసరికి పరీక్షించాల్సిన మనిషే మిగలదు. మనకు మీ అమ్మ ఉంది. ఆలస్యం చేయొద్దు.

నీ ఫోన్ పెట్టేశాక మీ అమ్మ ఫైలు మళ్లీ తిరగేశాను. బిల్లుల అడుగున, బయాప్సీ తర్వాత ఇచ్చిన ఒక కాగితం ఉంది. ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్, హెర్-2 నెగెటివ్ అని ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు. ఆ రోజు అది చూసి మీ బాపు, "అన్నీ నెగెటివే వచ్చినయ్ వదినా" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు, సంతోషంతో. హార్మోన్ మాత్రలకు గానీ, హెర్-2 సూదులకు గానీ లొంగని గడ్డ అని దాని అర్థం. ట్రిపుల్ నెగెటివ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో కంటే మన దేశపు ఆడవాళ్లలో ఈ రకం ఎక్కువ. బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకు వచ్చే రొమ్ము క్యాన్సర్లలో కూడా ఎక్కువ భాగం ఇదే రకం. దానికి తోడు మీ అమ్మకు వచ్చింది నలభై ఒకటో ఏట. ఇంత చిన్న వయసులో వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ అయినా జన్యు పరీక్ష చేయించమని ఇవాళ్టి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, రేడియేషన్ ఇచ్చి ఇంటికి పంపారు. ఓపీ ముందు ఆ జనాన్ని చూశాక డాక్టర్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఒక మనిషిని పెట్టని ఏర్పాటును మాత్రం తప్పుపడతాను.

అసలు రొమ్ము క్యాన్సర్ వంశంలో దిగుతుందంటే ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మలేదు. అమెరికాలో మేరీ-క్లెయిర్ కింగ్ అనే ఆవిడ 1970ల నడుమ నుంచి కుటుంబాల చరిత్రలు ముందేసుకుని కూర్చుంది. ఏ ఇంట్లో ఏ ఆడమనిషికి ఏ వయసులో జబ్బు వచ్చిందో లెక్కలు కట్టి, 1990లో ఆ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది. 1994లో జన్యువే చేతికి దొరికింది. మరుసటి ఏడాది బీఆర్‌సీఏ-2 దొరికింది. ఈ జన్యువులు మనందరిలో ఉంటాయి. తెగిన డీఎన్ఏను బాగుచేయడం వాటి పని. పుట్టుకతోనే ఒక జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయి ఉంటే ఆ పనికి రెండోదే దిక్కు. ఏదో ఒక కణంలో అదీ చెడితే క్యాన్సర్‌కు దారి దొరుకుతుంది. కనిపెట్టిన కంపెనీ ఆ జన్యువుల మీద పేటెంటు తీసుకుని అమెరికాలో ఒక్కో పరీక్షకు మూడు వేల డాలర్ల పైన వసూలు చేసింది. ప్రకృతిలో ఉన్న జన్యువు ఎవరి సొత్తూ కాదని అక్కడి సుప్రీంకోర్టు 2013 జూన్‌లో తీర్పు చెప్పాకే వేరే ల్యాబులు దిగాయి, ధరలు దిగాయి.

ముప్పు ఎంత అన్నావు. పదివేల మంది దాకా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2017లో ఒక లెక్క ప్రకటించారు. బీఆర్‌సీఏ-1లో లోపం ఉంటే 80 ఏళ్లు వచ్చేలోపు వందలో 72 మందికి, బీఆర్‌సీఏ-2లో ఉంటే 69 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ మొదటి రకంలో 44 మందికి, రెండో రకంలో 17 మందికి. చదివి ధైర్యం జారవిడవకు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో ఇట్లా వారసత్వంగా వచ్చేది ఐదు నుంచి పది మందికే. మీ అమ్మకు లోపం ఉందో లేదో ఇంకా తెలియదు. ఉన్నా అది నీకు వచ్చే అవకాశం సగమే.

మీ నానమ్మ ఇదంతా మేనరికం వల్లే అంటోందట. ఆమెతో వాదం పెట్టుకోకు, నువ్వు మాత్రం నమ్మకు. ఈ జబ్బుకు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ జన్యువు వచ్చినా చాలు, ఇద్దరి దగ్గరి నుంచీ రావాల్సిన పని లేదు. మేనరికంలో ఇద్దరి దగ్గరి నుంచీ చెడ్డ బీఆర్‌సీఏ-2 వస్తే పిల్లలకు ఫాంకోనీ ఎనీమియా అనే వేరే జబ్బు రావచ్చు. అది పసితనంలోనే బయటపడే సంగతి.

ఇప్పుడు నీతో నాకు పని ఉంది. జన్యు వైద్యులు కూర్చోబెట్టి ముందుగా గీసేది కుటుంబ చెట్టు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, జబ్బు పడ్డవాళ్లను నల్లగా నింపుతారు, పోయినవాళ్ల మీద అడ్డగీత గీస్తారు. ఇక్కడి కోయ గూడేల్లో వేల్పుల కొలుపుకు డోలి కోయలు వచ్చి పడిగె విప్పి, గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ గొట్టు, అంటే వంశం, పుట్టుక నుంచి పాడటం నేను ఎన్నోసార్లు విన్నాను. అంత జ్ఞాపకం మన ఇళ్లలో లేదు. ఉన్న కాస్తా మగవాళ్ల వెంట నడుస్తుంది. పెళ్లయి పోయిన ఆడపిల్ల ఏ జబ్బుతో చనిపోయిందో పుట్టింటి లెక్కలో ఉండదు. ఈ జన్యువుకు ఇంటిపేరుతో పని లేదు.

మా మేనత్తనే చూడు. మీ తాతకు సొంత చెల్లె, గూడూరు దిక్కు ఇచ్చారు. నలభై దాటిందో లేదో, కడుపు ఉబ్బి, నీళ్లు పట్టి పోయింది. జలోదరం అన్నారు, ఎవరో చేతబడి చేయించారన్నారు, గుంజేడు ముసలమ్మకు మొక్కారు. ఏఎన్ఎంగా ఇన్నేళ్లు పనిచేశాక ఇప్పుడు ఆలోచిస్తే, అండాశయంలో క్యాన్సర్ అయినా అట్లాగే ఉంటుంది. కడుపులో నీరు చేరేదాకా చాలామందిలో బయటపడదు. అదే అయి ఉంటుందని ఇవాళ ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఆ గుండ్రం పక్కన ఆ సంగతి రాయాలి. మీ తాత మాత్రం ఏ జబ్బూ లేకుండా ఎనభై దాకా బతికాడు కదా అంటావు. మగవాడు తనకేమీ కాకుండానే ఈ లోపాన్ని కూతుళ్లకు, కొడుకులకు ఇవ్వగలడు. అందుకే డాక్టరు అడిగితే అమ్మ వైపు ఒక్కటే చెప్పి ఊరుకోకు. మీ బాపు వైపు మేనత్తలను, వాళ్ల బిడ్డలను కూడా అడుగు. ఎవరికి, ఏ వయసులో, ఎక్కడ గడ్డ వచ్చిందో రాసుకో. రొమ్ము పేరెత్తడానికి సిగ్గుపడి "ఛాతీల గడ్డ" అంటారు, గర్భసంచి జబ్బు అంటారు. ఆ మాటలనూ వదలకు.

ఇంటికే డబ్బా పంపి ఉమ్మి తీసుకునే పరీక్ష గురించి అడిగావు. అటువంటి కంపెనీకి అమెరికాలో 2018లో మొదట అనుమతి ఇచ్చింది మూడే మూడు మార్పులు చూడటానికి. ఆ మూడూ తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. ఈ రెండు బీఆర్‌సీఏ జన్యువుల్లో తెలిసిన మార్పులు వేలల్లో ఉన్నాయి. దాని మీద డబ్బు పెట్టకు.

అసలు పరీక్షలో కూడా మూడో రకం జవాబు ఒకటి వస్తుంది. మార్పు ఉంది, అది మంచిదో చెడ్డదో తెలియదు అని. ఇది మన లాంటి వాళ్లకే ఎక్కువ, ఎందుకంటే పోల్చి చూసే లెక్కలు చాలావరకు తెల్లవాళ్ల రక్తం నుంచి వచ్చినవి. ఈ కొరత తీర్చడానికే జీనోమ్ ఇండియా అని 2020లో మొదలుపెట్టి, దేశమంతటా పదివేల మంది జన్యుపటాలు తీశారు. మన హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ అందులో ఉంది. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. అయినా అట్లాంటి జవాబు వస్తే దాన్ని చూసి ఎవరూ ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ అడగాలి, అర్థం తేలిందా అని.

ఒకవేళ నిజంగానే చెడ్డ మార్పు దొరికితే? నువ్వు చెప్పిన సినిమా నటి ఏంజెలినా జోలీ 2013లో రెండు రొమ్ములూ తీయించుకుంది. అది ఒక దారి, అందరికీ అదే దారి కాదు. 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 దాటాక మామోగ్రామ్ కూడా చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు. అండాశయానికి అట్లాంటి నమ్మకమైన పరీక్ష లేదు. అందుకే పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ-1 అయితే 35 నుంచి 40 మధ్య, బీఆర్‌సీఏ-2 అయితే ఇంకొన్నేళ్లు ఆగి, అండాశయాలను, ట్యూబులను తీయించుకోమంటారు. పెళ్లి, పిల్లలు, చదువు, వీటిలో ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి నీకు ఇది ముందే తెలియాలి. మీ అమ్మకూ లాభమే. జబ్బు మళ్లీ తలెత్తితే, ఈ లోపం ఉన్నవాళ్ల మీద బాగా పనిచేసే ఒలాపరిబ్ లాంటి మందులున్నాయి. రిపోర్టు లేకుండా అవి ఇవ్వరు.

పెళ్లి సంబంధం చెడిపోతుందని మీ అమ్మ భయం. నీ రిపోర్టు నీది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. తాంబూలాలకు ముందు ఆ అబ్బాయికి మాత్రం నువ్వే చెప్పు. విని వెనక్కి పోయేవాడైతే ముందే పోనీ.

నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు, చదువుకున్నావు, అడిగావు. గూడేల్లో రొమ్ములో గడ్డను జాకెట్టు కింద దాచుకుని, పసర్లు కట్టుకుని, పుండై వాసన వచ్చాక నా దగ్గరికి వచ్చిన వాళ్లను చూశాను. వాళ్ల కూతుళ్లు ఇక్కడే కైకిలికి పోతున్నారు. ఇక్కడి నుంచి నర్సంపేట, అక్కడి నుంచి వరంగల్, అక్కడి నుంచి హైదరాబాద్. ఒక్కో మజిలీకి ఒక రోజు కూలి పోతుంది. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు, కీమోకు చేయి అందిస్తోంది. జన్యు పరీక్షకు మాత్రం మన దేశంలో ఎక్కువ మంది సొంత డబ్బే పెట్టుకుంటున్నారు. ముప్పై దాటిన వాళ్ల దగ్గర ఆశాలు నింపే ఫారం ఉంది కదా, అందులో ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా అని ఉంటుంది. క్యాన్సర్ ఉందా అని ఉండదు. ఆ ఒక్క ప్రశ్న చేర్చడానికి రూపాయి ఖర్చు లేదు. ముంబైలో లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లు గమనించి 2021లో ఫలితాలు చెప్పారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేస్తేనే గడ్డలు ముందుగా దొరికాయి, యాభై దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మా చేతులతో అంత పని అయినప్పుడు, చిన్న వయసులో జబ్బు పడ్డ ప్రతి తల్లికీ సర్కారు ఖర్చుతో రక్తపరీక్ష ఎందుకు కాదు? వరంగల్ ఎంజీఎంలో వారానికి ఒకరోజు జన్యు సలహా ఎందుకు ఉండదు? ఇది నేను అడుగుతూనే ఉంటాను. నువ్వు కూడా అడుగు.

ఇక చేయాల్సింది. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడ ఓపీ ఏ రోజు ఉంటుందో కనుక్కుని ఫోన్ చెయ్యి, మీ అమ్మను తోలుకుని నేనే వస్తాను. బయాప్సీ కాగితం, ఆ మూడు నెగెటివ్‌ల కాగితం, ఆపరేషన్ డిశ్చార్జి నేను తెస్తాను. మీ బాపు వైపు వివరాలు నువ్వు తే. మీ అమ్మ రిపోర్టులో లోపం అని వస్తే, ఆ తర్వాత రక్తం ఇచ్చేది నేను, మీ మామయ్య. మాతో పాటు నువ్వు. అప్పటిదాకా రంది పెట్టుకోకు, వేళకు తిను.

ఇట్లు,
మీ పెద్దమ్మ